బారసాలకి ఏం తీసుకెళ్లమంటారు?

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా తమ్ముడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాడు. వాడికి మా మామయ్య, అంటే అమ్మ సొంత అన్నయ్య, రెండో కూతుర్నే చేశాం. తొలి కాన్పులో మగబిడ్డ పుట్టి ఆరో రోజున పోయాడు. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. ఇప్పుడు రెండో కాన్పులో ఆడపిల్ల. నాలుగో రోజుకల్లా పాలు తాగడం మానేసి, లేపినా లేవకుండా మత్తుగా పడి ఉంది. ఆసుపత్రి మార్చి రక్తం, మూత్రం పరీక్షలకి పంపితే మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అని తేలింది. దాదాపు నెల్లాళ్లు ఐసీయూలో ఉంచి మొన్ననే ఇంటికి పంపారు. ఏదో ప్రత్యేకమైన పొడి పాలు, దాంతోపాటు తల్లిపాలు కొంచెం కొలిచి పట్టాలట.

అమ్మేమో ఇది తన వదిన, అంటే మామయ్య భార్య, పుట్టింటివైపు నుంచి వచ్చిందంటుంది. మామయ్యేమో మా నాన్నగారి వైపు చూడమంటాడు. అన్నాచెల్లెళ్లకి మాటలు ఆగిపోయాయి. మరదలు ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఫోన్ చేస్తే "బాగానే ఉంది వదినా" అని పెట్టేస్తుంది. అమ్మ కోటప్పకొండకి మొక్కుకుంది, పాపని తీసుకెళ్లాలంటోంది. ఇరవై ఒకటో రోజు ఆసుపత్రిలోనే గడిచిపోయింది, ఇప్పుడు బారసాల చేయొచ్చా? చేస్తే మేనత్తగా నేనేం తీసుకెళ్లాలి? వాళ్లకి ఏం చెప్పి ధైర్యం చెప్పాలి? ఇంకొక సంగతి. మా అమ్మాయిని మామయ్య పెద్ద కూతురి కొడుక్కి ఇద్దామని ఎప్పటినుంచో అనుకున్నాం. ఇప్పుడు దాని గురించి అడగడానికి నోరు రావడం లేదు.
– ఒక అక్క, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరమంతా చదివాక నా మనసు ఆగింది మీ మరదలి "బాగానే ఉంది వదినా" దగ్గర. రాత్రి రెండింటికీ, మళ్లీ ఐదింటికీ లేచి గ్రాములు తూచుకుంటున్న మనిషికి ఫోన్లో సంగతులు చెప్పే ఓపిక ఎక్కడుంటుంది? మీరు ధైర్యం చెప్పాలనుకుంటున్నారు. ముందు ఆమెని నిద్రపోనివ్వండి. ఆమె నిద్రపోవాలంటే ఆ పాపకి పాలు కలపడం ఇంకొకరికి రావాలి. ఆ ఇంకొకరు మీరైతే బాగుంటుందని నా ఉద్దేశం. మీరు అడిగిన మిగతావన్నీ దాని తర్వాతే.

జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకి కావలసినంత వరకు చెప్తాను. మనం తిన్న ప్రొటీన్ ఒంట్లో అమినో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిలో లూసిన్, ఐసోలూసిన్, వాలీన్ అని మూడున్నాయి. ఆ మూడింటినీ అరగదీసే ఎంజైమ్ ఈ పాపలో పనిచేయదు. అరగనిది రక్తంలో పేరుకుంటుంది, అందులోనూ లూసిన్ మెదడుని దెబ్బతీస్తుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆ పని తల్లి ఒళ్లే చేసిపెడుతుంది కాబట్టి బిడ్డ నిక్షేపంగా పుడుతుంది. పాలు తాగడం మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులకి బయటపడుతుంది. పాలు వద్దంటుంది, మత్తుగా ఉంటుంది, ఒకసారి తోటకూర కాడలా వేలాడిపోతుంది, ఒకసారి విల్లులా బిగుసుకుంటుంది. పైకి చూస్తే అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది.

వాసన గురించి డాక్టర్లు మీకు చెప్పే ఉంటారు. ఈ పిల్లల మూత్రం, ఒక్కోసారి చెవిలో గుబిలి కూడా, మాడిన చక్కెర వాసన వేస్తుంది. మన ముక్కుకి అది మెంతుల వాసన. ఉత్తపోలిక కూడా కాదది, సోటోలోన్ అనే పదార్థం మెంతుల్లోనూ ఉంది, ఈ పిల్లల మూత్రంలోనూ ఉంది. బాలింతకి మెంతులు పెట్టే మన ఇళ్లలో ఆ వాసన వస్తే ఎవరైనా ఎందుకు కంగారు పడతారు? తల్లి తిన్నదే బిడ్డ దగ్గర వస్తోందనుకుంటారు. తల్లి మెంతులు తింటే ఏ జబ్బూ లేని బిడ్డ దగ్గరా ఆ వాసన వచ్చిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అందుకని మీ అమ్మగారితో చెప్పి మీ మరదలికి మెంతులు పెట్టడం ఆపించండి. వాటివల్ల పాప జబ్బు పెరుగుతుందని భయం లేదు. పాప గుడ్డల దగ్గర ఆ వాసన మళ్లీ వస్తే లూసిన్ పెరుగుతోందేమోనని అనుమానించాలి, ఆ అనుమానానికి మెంతులు అడ్డం రాకూడదు.

ఇక పాలు కలపడం. ఆ ప్రత్యేకమైన పొడిలో ఈ మూడు అమినో ఆమ్లాలూ తీసేసి మిగతావన్నీ ఉంచుతారు. అలాగని లూసిన్ అసలు లేకుండా బిడ్డ పెరగదు. పెరగడానికి సరిపడా మాత్రమే తల్లిపాల నుంచి ఇస్తారు. అందుకే తల్లిపాలు పిండి, మిల్లీలీటర్లలో కొలిచి ఇమ్మన్నారు. ఎక్కువైతే మెదడుకి ముప్పు, మరీ తక్కువైతే ఎదుగుదల ఆగుతుంది, చర్మం పుళ్లు పడుతుంది. రక్తపరీక్ష ఫలితం వచ్చిన ప్రతిసారీ లెక్క మారుతుంది. ఫ్రిజ్ మీద అంటించిన పోయిన వారం చీటీ చూసి ఈ వారం పాలు కలిపితే తప్పిపోతుంది. పాత చీటీ చింపేసి కొత్తది అంటించడం కూడా ఒక పనే.

పొడిని డబ్బాలోని చెంచాతో కొలవకండి. తలకొట్టి కొలిచినా మీ చెంచాకీ నా చెంచాకీ తేడా వస్తుంది. గ్రాముల తూకం కావాలి, బంగారం కొట్టులో వాడే లాంటిది. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేయడం, పొడి వేసి అంకె చూడటం, కాచి చల్లార్చిన నీళ్లు చెప్పినంత పోయడం, కలిపిన టైము రాయడం. తాగాక సీసాలో ఎంత మిగిలిందో కూడా రాయాలి. చాలామంది ఇది వదిలేస్తారు. డాక్టరుకి కావలసింది మీరు కలిపిన పాల లెక్క ఒక్కటే కాదు, లోపలికి వెళ్లినవెన్ని, కక్కినవెన్ని అన్నది కూడా. ఒక సాదా నోటుబుక్కు, తాడు కట్టిన పెన్ను అక్కడే వేలాడుతూ ఉండాలి. పెన్ను వెతుక్కునేలోపు పాప ఏడుపు మొదలై, రాయడం మర్చిపోతారు.

నేను పిల్లల ఆసుపత్రుల్లో ఆహారం చూసే ఉద్యోగం చేసిన రోజుల్లో తెనాలి వైపు నుంచి ఒక నాయనమ్మ వచ్చేది. డబ్బా మీద ఇంగ్లీషు చదవలేదు. నీళ్ల కొలతకి సీసా మీద గోళ్లరంగుతో గీత గీసుకుంది, తూకం మీద రావలసిన అంకెని తెలుగులో అట్టముక్క మీద రాయించుకుని పక్కన పెట్టుకుంది. "ఈ గీత దాటిందంటే మా కోడలు నన్ను బతకనివ్వదు" అని నవ్వేది. ఆ కోడలు పగటిపూట రెండు గంటలు పడుకోగలిగేదంటే ఈ అత్తగారి చలవే. మీ అమ్మగారికి కోపం తగ్గాక ఆవిడకీ ఇది నేర్పండి. చేతిలో పని ఉన్న మనిషి నోటికి కాస్త విశ్రాంతి ఇస్తుంది.

ఎలా మొదలుపెట్టాలంటే, "ఏమైనా కావాలంటే చెప్పు" అనకండి. ఆ మాట అన్నవాళ్లని ఇంతవరకు ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు. "శనివారం సాయంత్రం వస్తున్నా, ఆదివారం రాత్రి దాకా పాపకి పాలు నేనే పడతా, నాకు నేర్పు" అనండి. గుంటూరు నుంచి సింగ్‌నగర్ ఎంతదూరం గనక. మొదటిసారి పక్కన నిలబడి చూడండి. రెండోసారి ఆమె చూస్తుండగా మీరు చేయండి. మూడోసారి ఆమెని వేరే గదిలోకి పంపి తలుపు వేయండి. ఆడపడుచు హోదా గుమ్మం బయటే వదిలి వెళ్లాలి మరి. వంటింట్లో డబ్బాలు సర్దిపెట్టడం, "మా పిల్లలకి మేం ఇలా చేశాం" అనడం వద్దు. ఈ విషయంలో ఆమె గురువు, మీరు శిష్యురాలు. మీ తమ్ముడికి కూడా ఇదంతా వచ్చో లేదో చూడండి. చాలా ఇళ్లలో తండ్రికి డబ్బా ధర తెలుస్తుంది, తూకం తెలియదు.

రెండో చదువు ఇంకా ముఖ్యం. లంఖణం పరమౌషధమని మన పెద్దల మాట. ఈ పాప విషయంలో ఆ మాట ప్రాణం తీస్తుంది. జ్వరమో, విరేచనాలో వచ్చి తిండి తగ్గితే ఒళ్లు తన కండనే కరిగించుకుని శక్తి తీసుకుంటుంది. ఆ కండలోంచి లూసిన్ గుప్పున రక్తంలోకి దిగుతుంది. బయటనుంచి ప్రొటీన్ ఒక్క చుక్క ఇవ్వకపోయినా అది పెరుగుతూనే ఉంటుంది. అందుకే జలుబు చేసిన రోజు కూడా ఈ పాపకి మామూలు రోజు కాదు. అలాంటప్పుడు తల్లిపాలు ఎంత ఆపాలి, ఆ పొడి ఎంత, గ్లూకోజ్ పిండి ఎంత కలిపి ఎన్ని గంటలకోసారి పట్టాలి అన్నది డాక్టరు ముందుగానే రాసిస్తారు. రాసివ్వకపోతే ఈ వారమే అడిగి రాయించుకోండి. ఆ మార్పు ఒకటి రెండు రోజులకే, తర్వాత తల్లిపాలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయనే చెప్పాలి. వాంతులు ఆగకపోయినా, వరసగా పాలు వద్దన్నా, మత్తుగా ఉన్నా, ఏడుపు కీచుగా మారినా, ఒళ్లు వేలాడినా, బిగిసినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కండి.

క్యాజువాలిటీలో రాత్రిపూట ఉండే కుర్ర డాక్టరు ఈ జబ్బుని పుస్తకంలో తప్ప చూసి ఉండకపోవచ్చు. ఆయన తప్పేం లేదు, ప్రపంచం మొత్తం మీద సుమారు 1,85,000 మందిలో ఒకరికి వచ్చే జబ్బు. అందుకే పాప డాక్టరు సంతకంతో, లెటర్‌హెడ్ మీద ఒక అత్యవసర ఉత్తరం ఉండాలి. జబ్బు పేరు, పాప బరువు, ప్రొటీన్ ఆపాలని, ఆలస్యం చేయకుండా 10 శాతం గ్లూకోజ్ ఉన్న డ్రిప్ ఎంత వేగంతో ఎక్కించాలో, ఏ పరీక్షలు పంపాలో, ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉండాలి. ఇక్కడొక మెలిక ఉంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ మామూలుగానే ఉందని, గ్లూకోజ్ అవసరం లేదని, ఉప్పునీళ్ల సెలైన్ చాలని ఎవరైనా అనొచ్చు. ఈ జబ్బులో గ్లూకోజ్ ఎక్కించేది షుగర్ పడిపోయిందని కాదు, కండ కరగకుండా ఆపడానికి. ఆ ఒక్క వాక్యం ఉత్తరంలో పెద్దక్షరాలతో రాయమని అడగండి. ఉత్తరాన్ని లామినేషన్ చేయించి పాప సంచిలో పెట్టండి, ఫోటో మీ ఇద్దరిళ్లలో అందరి ఫోన్లలో ఉండాలి. పాప బాగున్న రోజునే ఆ ఆసుపత్రికి ఒకసారి వెళ్లి, పిల్లల వార్డులో ఆ ఉత్తరం చూపించి ఫైలు పెట్టించి రండి. టీకాలు అందరు పిల్లల్లాగే అన్నీ వేయించాలి, వేయించిన రోజు జ్వరం మీద ఓ కన్నేసి ఉంచాలి. జ్వరం వస్తుందని టీకా మానేస్తే రేపు తట్టు, న్యుమోనియా వచ్చి ఇంతకు పదింతలవుతుంది.

ఇప్పుడు మీ అమ్మగారు, మీ మామయ్యగారి తగాదా. ఈ జబ్బు రావాలంటే పాడైన జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండూ అందాలి. ఒకటే ఉన్నవాళ్లకి ఏ జబ్బూ ఉండదు, ఉన్నట్టే తెలియదు. మీ తమ్ముడిలోనూ, మీ మరదలిలోనూ చెరొకటి ఉంది. కాబట్టి ఒకవైపు నుంచే వచ్చిందనడానికి లేదు. ఇది వాదన కోసం చెప్పడం లేదు, జబ్బు లెక్కే అంత. వాళ్లిద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు కాబట్టి, ఆ రెండూ ఒకే చోటునుంచి, అంటే మీ అమ్మమ్మ తాతయ్యల్లో ఒకరినుంచి, మీ అమ్మగారి ద్వారా ఒకటి, మామయ్య ద్వారా ఒకటి దిగి ఉండే అవకాశమే ఎక్కువ. పరీక్షలో పాప దగ్గర రెండూ ఒకే రకం మార్పు అని తేలితే అది ఇంకా గట్టిపడుతుంది. అంటే మీ అమ్మగారు వదిన పుట్టింటిని తిడుతూ వెతుకుతున్నది చాలావరకు ఆవిడ సొంత పుట్టింట్లోనే ఉంది. ఈ మాట మీరు ఆవిడ మొహం మీద అనకండి. అన్నాచెల్లెళ్లిద్దరినీ ఒకే రోజు జన్యు సలహా ఇచ్చే డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ఆయన కాగితం మీద గుండ్రాలు, చదరాలు గీసి చెప్తాడు. కూతురు చెప్తే ఎదురుమాట అయ్యేది, తెల్లకోటు వేసుకున్నాయన చెప్తే సమాచారం అవుతుంది.

మేనరికం చేసుకున్నందుకు దేవుడు శిక్షించాడని ఎవరైనా అంటే ఊరుకోకండి. మేనరికంలో ఇలాంటి జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఆ మాట నిజం, దాచక్కర్లేదు. కానీ మేనరికాలు చేసుకున్న ఇళ్లు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని, అందులో ఇలా అయినవి ఎన్ని? అమెరికాలో పెన్సిల్వేనియా మెన్నొనైట్లని ఒక క్రైస్తవ సమాజం ఉంది. కొద్ది కుటుంబాలనుంచి పెరిగిన జనం, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటారు. వాళ్లలో ఈ జబ్బు సుమారు 380 మందిలో ఒకరికి వస్తుంది. వాళ్లు శాపమని కూర్చోకుండా పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి రోజుల్లోనే రక్తం చూస్తారు. మన దగ్గర గోవా, కేరళ లాంటిచోట్ల పుట్టిన పిల్లలకి మడమ గుచ్చి చుక్క రక్తంతో కొన్ని జబ్బులకి పరీక్ష చేసే పథకాలు పెట్టారు గానీ, దేశమంతటా ప్రతి బిడ్డకీ తప్పనిసరి చేయడం ఇంకా జరగలేదు. కోపం తెచ్చుకోవాలనుకుంటే అక్కడ తెచ్చుకోవచ్చు.

మొదటి బాబు గురించి. ఆరో రోజున, ఇన్ఫెక్షన్ అన్న పేరుతో పోయాడని రాశారు. ఇదే జబ్బు అయి ఉండొచ్చన్న ఆలోచన మీకు ఇప్పుడు వచ్చి ఉంటుంది. మీ మరదలికి ఐసీయూ బయట కూర్చున్న మొదటి రోజే వచ్చి ఉంటుంది. కొత్త సంగతి కనిపెట్టినట్టు ఆమెతో అనకండి. ఆమె తనంతట తాను ఎత్తితే వినండి. బాబు పాత కాగితాలు ఏమైనా ఉంటే మాత్రం పారేయకుండా జన్యు డాక్టరుకి చూపించమని తమ్ముడితో చెప్పండి. తర్వాతి కాన్పు మాటా మీరు తేవద్దు. వాళ్లు అడిగిన రోజున చెప్పడానికి మీకు తెలిసి ఉంటే చాలు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు రావచ్చు. ఒకరికి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదని లెక్క వేయకూడదు. తల్లిదండ్రులిద్దరి జన్యుమార్పూ ముందే తెలిసి ఉంటే గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి పరీక్ష చేయొచ్చు. ఇలాంటి జబ్బులకి ఆ పరీక్షని 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కూడా అనుమతిస్తుంది.

బారసాల చేయండి. మూడో నెలలోనైనా చేయొచ్చు, మీ పురోహితుడు కాదనడు. జనాన్ని తగ్గించండి, జలుబున్నవాళ్లు రాకూడదని ముందే చెప్పండి. పాప ఉయ్యాల్లోనే ఉంటుంది, చేతులు మారదు. ఉంగరంతో తేనె నాకించడం, అమ్మమ్మ వేలితో పాలచుక్క వేయడం ఏవీ వద్దు. తేనె ఏ పసిబిడ్డకీ ఏడాది లోపు పెట్టకూడదు, కాబట్టి ఆ కారణం చెప్తే ఎవరూ నొచ్చుకోరు. ఉగ్గుగిన్నె, వస, పసర్లు కూడా అంతే. మీరు ఏం తీసుకెళ్లాలంటే, మంచి గ్రాముల తూకం ఒకటి. వాళ్ల దగ్గర ఉన్నా సరే రెండోది కావాలి, బ్యాటరీ అయిపోయేది రాత్రి రెండింటికే. దాంతోపాటు వెండి పట్టీలు కూడా తీసుకెళ్లండి. జబ్బు పిల్లకి జబ్బు సామాన్లే ఇస్తే ఆ తల్లికి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

కోటప్పకొండకి మీరూ, మీ అమ్మగారూ వెళ్లి మొక్కు చెప్పుకుని రండి. పాపని ఇప్పుడు ఎండలో, క్యూలో, పాలవేళ తప్పించి తిప్పొద్దు. త్రికోటేశ్వరుడు ఓ రెండేళ్లు ఆగుతాడు. అన్నప్రాశన వచ్చేసరికి పరమాన్నం, పప్పు, పెరుగు ఎందుకు పెట్టకూడదని మళ్లీ గొడవవుతుంది, దానికి ఇప్పుడే దారి చూసుకోండి. సగ్గుబియ్యంలో ప్రొటీన్ లేనట్టే లెక్క. పాలు లేకుండా నీళ్లలో ఉడికించి చక్కెర వేసిన సగ్గుబియ్యం పాయసం చెంచాడు పెట్టొచ్చా అని డైటీషియన్‌ని అడగండి, చాలావరకు సరేనంటారు. పీట మీద అందరు పిల్లల్లాగే కూర్చుంటుంది. పిండివంటల రుచులు తర్వాత సంగతి.

డబ్బు మాట. ఆ పొడి డబ్బాలు చవకవి కావు, వాటి అవసరం ఏళ్ల తరబడి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన జబ్బుల జాతీయ విధానం తెచ్చింది. ప్రత్యేక ఆహారంతో నడిచే జబ్బుల జాబితాలో ఈ జబ్బు పేరు ఉంది. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయానికి వీలుంది. అది చేతికివ్వరు, గుర్తించిన కేంద్రాల ద్వారానే నడుస్తుంది. మనకి దగ్గరది హైదరాబాదులో నిమ్స్, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల ప్రభుత్వ సంస్థ) కలిసి నడిపే కేంద్రం. అక్కడ పేరు నమోదు కావడానికి ఆధార్లు, డిశ్చార్జి కాగితాలు, పరీక్ష రిపోర్టులు, తిరుగుళ్లు. ఆ తిరుగుళ్ల పని మీ ఆయన గానీ మీ మామయ్య గానీ నెత్తిన వేసుకుంటే మీ తమ్ముడి ఉద్యోగం నిలుస్తుంది. తగాదాలో ఉన్న మామయ్యకి ఇంతకంటే మంచి పని దొరకదు. పొడి విదేశం నుంచి సొంతవాడకానికి తెప్పించాల్సి వస్తే, 2023 ఏప్రిల్ నుంచి ఈ జాబితాలోని జబ్బుల మందులకీ ప్రత్యేక ఆహారానికీ కస్టమ్స్ సుంకం తీసేశారు. దానికి జిల్లా వైద్యాధికారి లేదా సివిల్ సర్జన్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆసుపత్రి ఖర్చులో ఏదైనా వస్తుందేమో అక్కడి హెల్ప్‌డెస్కులో అడిగి చూడండి.

వాళ్లుండేది సింగ్‌నగర్ కాబట్టి ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వీధుల్లో రోజుల తరబడి నీళ్లు ఎలా నిలబడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. పాలప్యాకెట్లకే పడవ రావలసిన రోజుల్లో ఈ పొడి ఎవరు తెస్తారు? అందుకని ఒక నెలకి సరిపడా డబ్బాలు ఎప్పుడూ మీ గుంటూరు ఇంట్లో ఉండాలి. పాత తేదీవి ముందు వాళ్లకిచ్చి కొత్తవి మీ దగ్గర పెట్టుకుంటూ ఉండండి. వాన హెచ్చరిక వచ్చిందంటే తల్లీపిల్లా మీ ఇంటికి వచ్చేయాలి. మన ఎండలకి డబ్బాల్ని పొయ్యి పక్కన అల్మారాలో పెట్టకుండా చల్లని పొడి చోట పెట్టండి.

మీ మరదలి మౌనం కొంతవరకు అలసటే. పాప పడుకున్నా ఆమెకి నిద్ర పట్టడం లేదంటే, అన్నం ముట్టడం లేదంటే, నేను లేకపోతే బాగుండు లాంటి మాట నోట వచ్చిందంటే మాత్రం అలసట అనుకుని ఊరుకోవద్దు. బాలింతలకి వచ్చే కుంగుబాటుకి వైద్యం ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆమె దగ్గర "ఇంకొకరిని కంటావులే", "నీ రాత అంతే", "ఫలానావాళ్ల పిల్లకి విటమిన్ మాత్రతో తగ్గిందట" అనేవాళ్లని మీరే గుమ్మం దగ్గర ఆపండి. విటమిన్ బీ1కి లొంగే రకం ఒకటి ఉన్న మాట నిజమే, దాన్ని పరీక్షించి చూడటం డాక్టరు పని. ఈ పిల్లలు పెరిగి పెద్దవుతారా అని మీరు అడగలేదు, కానీ అడగాలనుకుని ఉంటారు. లూసిన్ అదుపులో ఉంచుకుంటూ బడికి వెళ్లి చదువుకుంటున్న పిల్లలున్నారు. కాలేయ మార్పిడి చేయించుకుని మామూలు తిండి తింటున్న పిల్లలూ ఉన్నారు. మార్పిడి మాట ఎప్పుడు, అసలు కావాలా అన్నది డాక్టర్లు చూస్తారు. ఈ మొదటి ఏడాది మెదడుని కాపాడుకోవడమే పెద్ద పని.

చివరగా మీ అమ్మాయి సంబంధం. నోరు రావడం లేదన్నారు గానీ, అడగాల్సిన ప్రశ్నే అది. మీ తమ్ముడిలో ఉన్న మార్పు మీలో ఉండే అవకాశం సగం, మీ అమ్మాయిలో ఉండే అవకాశం పావు. అలాగే అది మామయ్య ద్వారా వచ్చిందనుకుంటే ఆయన పెద్ద కూతురిలో సగం, ఆవిడ కొడుకులో పావు. ఇద్దరిలోనూ ఉండే అవకాశం 16లో ఒకటి, బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 64లో ఒకటి. పరీక్ష చేయించకుండా ముహూర్తం పెట్టుకునేంత చిన్న అంకె కాదు, సంబంధం రద్దు చేసుకునేంత పెద్దదీ కాదు. పాప జన్యు రిపోర్టు చేతికొచ్చాక అదే మార్పు కోసం పిల్లకీ పిల్లాడికీ రక్తం చూడటం పెద్ద పనేం కాదు. ఒక్కరిలోనే ఉంటే ఈ జబ్బు భయం లేదు. ఇద్దరిలోనూ ఉంటే వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి, తేల్చుకునేది వాళ్లు. మీ అమ్మాయికి ఈ పరీక్ష ఎందుకో దాచకుండా చెప్పండి, వీలైతే ఓ శనివారం సింగ్‌నగర్‌కి తనని కూడా వెంట తీసుకెళ్లండి. రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, పాప తర్వాతి చెకప్‌లోనే మీ తమ్ముణ్ణి దాని గురించి అడగమనండి.